పంచనామాకు ఎక్కనిది

ఏరు దిగిపోయిన ఏడో రోజు
బండిమెట్టలో దస్తగిరమ్మ ఇంటికి బండలు సరిచేయను పోయినా.
గోడ మీద నిలువెత్తున బురద గీత.
దేవుని గూట్లో, పటం వెనక,
ఎండిపోయిన చేపపిల్ల ఒకటి.
"నీళ్లు పోయినాయి గానీ నాయనా,
ఆ మూల బండ మాత్రం కాలు పెడితే మాట్లాడతాది" అన్నది.

గడ్డపార కొన ఆనించి లేపినా.
బేతంచెర్ల బండ, నాలుగడుగులది.
నిద్రపోయే బిడ్డను జరిపినట్టు జరపాల దాన్ని,
లేకుంటే పగుల్తాది.
కింద ఇసక. ఇసక కింద గోనెపట్ట.
గోనెపట్టలో, మూతకు మైనం పూసిన పాల క్యాను.

దుడ్లనుకున్నా. అబద్ధమెందుకు,
ఒక్క నిమిషం నా కూతురి కాలేజీ ఫీజు కట్టేసినా.

మూడు ముక్కలుగా విప్పిన తుపాకి,
ఆముదం పట్టించిన పంచెలో.
తూటాలు పదకొండు, పసుపుకొమ్ముల మాదిరి.
వాటి పక్కన కాగితాలు,
ఇంత వరదా తడపలేని కాగితాలు.

పక్కింటి రియాజ్ చదివినాడు. వానికి రెండు చదువులూ వచ్చు.
ఒకదాని మీద మద్రాసు ముద్ర:
హనుమద్దాసు, పత్తి దళారి.
ఒకదాని మీద అవతలి ఒడ్డు ముద్ర, ఉర్దూలో:
మహబూబ్‌సాబ్, గద్వాల, నూనె యాపారి.
ఇంకొకటి బియ్యం కార్డు: ఉరుకుందప్ప.
మూడింటికీ గుండుసూదితో ఫోటోలు.
ఒకే మొగం.
ఒకదాంట్లో మీసం, ఒకదాంట్లో టోపీ,
బియ్యం కార్డు మీద మాత్రం ఉత్త భయం.

అడుగున ఒక రసీదు, నలభై తొమ్మిదో సంవత్సరంది.
ఫలానా నంబరు తుపాకి సర్కారుకు అప్పగించినాడు,
ఇక మామూలు మనిషిగా బతకవచ్చు, అని.
తుపాకి మీద నంబరూ అదే.
ఇచ్చేసిన తుపాకి నా చేతిలో ఉంది.
ముద్ర అబద్ధమో, మనిషి అబద్ధమో
ఇనుము చెప్పదు కదా.

చిన్న నోటుబుక్కులో లెక్కలు:
జొన్నరొట్టెలు నలభై, కాశమ్మ ఇంట్లో.
పుట్టి నడిపింది లాల్‌సాబ్, నాలుగు రాత్రులు, దుడ్లు తీసుకోలే.
నర్సోజికి తూటా తగిలె. ఏట్లోనే ఇడిచినాం.
ఆ చివరి వరస దగ్గర సిరా చెదిరింది.
వరద కాదది. క్యానులోకి వరద రాలేదు.

"ఎవరి మీద యుద్ధమవ్వా?" అన్నాడు రియాజ్, మెల్లగా.
"ఏటికి అవతల వేరే రాజ్యముండె.
అయిపోయిందని అందరూ ఇండ్లకొచ్చిరి.
ఈయనా వచ్చినాడు. వచ్చినాడు గానీ
చచ్చేదాకా చెప్పులేసుకొనే పండుకున్నాడు."

ఎస్సై వచ్చినాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొని పంచనామా రాసినాడు.
తుపాకి ఒకటి, పనికిరానిది.
తూటాలు పదకొండు.
చిత్తు కాగితాలు కొన్ని.
సాక్షి బండల మద్దిలేటి అని నేను సంతకం పెట్టినా.
తుపాకి జీపెక్కింది.
కాగితాలు ఎవరూ అడగలే.

అప్పుడు దస్తగిరమ్మ చేతులు కడుక్కొని
మూడింటినీ ఒళ్లో పరుచుకుంది.
"మొగుని పేరు నోట అనగూడదని
ఉరుకుంద తిరనాళకు పోయేటప్పుడు
కండక్టరుకు ఊరి పేరు గూడ చెప్పలే నేను.
ముందు కూర్చున్నామెను చూపించి
ఆయమ్మ యాడికో నాకూ ఆడికే అంటి.
ఇప్పుడు చెప్పండ్రా,
వీటిల్లో యాది
ఇన్నేండ్లు నేను అనకుండా దాచుకున్నది?"

మేం చెప్పలే.
హనుమద్దాసు, అన్నది. కొత్త కూర రుచి చూసినట్టు.
మహబూబ్‌సాబ్, అన్నది. అప్పుడు కొంచెం నవ్వింది.
మూడో కాగితం మీద చెయ్యి పెట్టి
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బండ మళ్లీ పరిచి సందుల్లో సున్నం పూసినా.
కూలి రెండొందల యాభై.
లాల్‌సాబ్ గుర్తొచ్చి ఆ రోజు అడగలేకపోయినా.
మర్నాడు పోయి అడిగినా.