నాలుగంగుళాలు పక్కకి

డిసెంబరులో హొరమావు చలి
ముందు మా బాత్రూములోకి దిగి
తరవాతే ఊళ్లోకి వెళుతుంది.
కిటికీ ఉందంటే ఉంది,
తెరిస్తే ఎదురింటివాళ్ల పోపు వాసన.
మూడేళ్లుగా అద్దాన్ని మోచేత్తో తుడిచి
ఆ తుడిచినంత మేర ముఖానికే
బొట్టు పెట్టుకుంటున్నాను.
మూలల్లో బూజు, ఆవాలు చల్లినట్టు.

ఈసారి బోనసు డబ్బుతో కొన్నాను.
గాలి లాగే ఫ్యాను, దాని పక్కనే వేడి దీపం,
రెండూ ఒకే చట్రంలో.
డబ్బా మీద నవ్వే అమ్మాయికి
జీవితంలో ఎప్పుడూ చలేసినట్టు లేదు.

పీరా వచ్చాడు, కదిరి మనిషి.
ఓనరుతో కన్నడం, కొట్టువాడితో హిందీ,
స్క్రూ జారితే మాత్రం తెలుగు.
"రెండిటికీ ఒకే స్విచ్చి వద్దక్కా.
దీపానికి వైరు లావుది కావల్ల.
సన్నదేస్తే లోపల్లోపలే కాలతాది,
వాసనొచ్చేదాంకా తెలీదు."
అలాంటి మనుషులు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.
అనలేదు.

పెన్సిలు గీత వెంట రంపం నడిచింది.
జిప్సం పొడి అతని కనుబొమల మీద,
బకెట్లో, నేను తీయడం మరిచిన బ్రష్షుల మీద.
తల పైకప్పులోకి పోయింది.
నిచ్చెన మీద తలలేని మనిషి
కాసేపు ఏదో కూనిరాగం తీశాడు,
ఆపాడు.
"అక్కా, ఒకసారి ఎక్కి చూడు."

ఫోను వెలుగులో స్లాబు అడుగు.
సెంట్రింగు చెక్కల చారలు, వంగిన మేకు,
బొగ్గుతో రాసిన మూడు వరసలు.

ఓబులమ్మ, తలుపుల మం.
17 దినాలు
ఇచ్చింది 9

"మా పక్క మండలమే," అన్నాడు పీరా.
ఆ తరవాత చాలాసేపు
స్క్రూడ్రైవరు కోసం వెతికాడు,
అది అతని జేబులోనే ఉంది.

నా ఉద్యోగం జీతాల లెక్క.
ప్రతి నెలా ఇరవై ఎనిమిదో తారీఖున
మూడు వందల పేర్లకు ఎదురుగా అంకెలు నింపుతాను.
అడగకుండానే తీసివేత జరిగిపోయింది నాలో.
ఎనిమిది.
పద్నాలుగేళ్ల కిందటి ఎనిమిది రోజులు,
తట్ట మీద తట్ట.
వాటి కింద రోజూ సబ్బు రుద్దుకుంటూ
నీళ్లు వేడెక్కలేదని గీజరును తిట్టాను.

బిల్డరు నంబరు దొరికింది.
ఎవరిదో కల్యాణ మండపం ఎత్తింది.

జిప్సం ఫ్యాను బరువు మోయదు,
స్లాబుకి బోల్టులు దిగాల్సిందే.
నడిమధ్యకి కొలిస్తే
డ్రిల్లు మొన సరిగ్గా ఆ తొమ్మిది మీద.
పీరా టేపు చుట్టాడు, మళ్లీ లాగాడు.
"నాలుగంగుళాలు జరిపితే కుదురుతాది.
కోసింది అతికియ్యల్ల. చూసేదానికి వంకర."
"జరుపు."

వెండిరంగు గొట్టం పైన పాకుతూ
వెంటిలేటరు దాకా వెళ్లింది,
పావురాలు దూరకుండా చివర జాలీ.
మొదటిసారి స్విచ్చి వేయగానే
ఇల్లంతా చీకటి.
హాల్లోంచి పిల్లవాడి చప్పట్లు.
రెండోసారి వెలిగింది,
కాగిన నెయ్యి రంగులో.
ఇంకా గాల్లో తేలుతున్న పొడి
ఒక్కో రేణువూ కనబడింది.

పీరా కూలి అక్కడికక్కడే ఇచ్చాను, బేరమాడలేదు.
రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
రెండోసారి పైకి చూస్తూ.

సాయంత్రం చెన్నకేశవ తలెత్తి,
"మధ్యలో లేదేం ఇది?" అన్నాడు.
చెప్పాను.
ఏమీ అనలేదు, నిచ్చెన కోసం చూశాడు.
పీరా తీసుకెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆవిరి నిలవదు.
బొగ్గు గీతల పక్కనించే పోతుందేమో,
గొట్టం మూసే ఉంది కాబట్టి వాటికి తడి తగలదు.
అది పీరాని రెండుసార్లు అడిగాను.

అద్దంలో ముఖం మొత్తం కనబడుతోంది,
అంత అవసరమా అనిపించేంత.
వేడి ముందు ఎడమ భుజానికి తగులుతుంది.
కుడి భుజానికి కావాలంటే
నేనే అరడుగు జరగాలి.
జరుగుతాను.