ముందు లేచిన పురుగు

కిలిఫి దగ్గర, ఉప్పుగాలి తగిలే చేలో
నా పని మొక్కజొన్న దంట్లు చీల్చడం.
పొద్దున నలభై, ఎండెక్కాక మరో నలభై.
కొడవలి మొన దించి బొటనవేలితో విప్పితే
లోపల రంపపు పొట్టులాంటి పెంట,
దాని చివర, తలుపు తీసినందుకు చిరాకుపడ్డట్టు
ఒక పురుగు.

నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీశాను:
పాతది, కొత్తది.
పాతది ఈ తీరానిదే.
కొత్తది మా తాత పడుచువాడుగా ఉన్నప్పుడు
సముద్రం అవతలి జొన్నచేల నుంచి వచ్చిందట.
ఏ ఓడలో, ఏ చొప్పకట్టలో, ఎవరూ చూళ్ళేదు.

పురుగుగా ఉన్నప్పుడు రెండూ ఒకలాగే ఉంటాయి,
అదే మీగడరంగు ఒళ్ళు, వీపున అవే మచ్చలు.
సీసాలో వేసి, దూది మూత పెట్టి
రెక్కలొచ్చేదాకా ఆగాలి.
పాతదాని రెక్కమీద బంగారు పొడి ఉంటుంది,
ఎవరి పెళ్ళికో అద్దుకుని తుడవడం మరిచిపోయినట్టు.
ఈ ఏడు మూడు వందల సీసాల్లో
ఆ పొడి పదకొండింటిలోనే చూశాను.

యుద్ధం జరిగిందనుకుంటారు వినేవాళ్ళు.
నేను చూడలేదు.
ఒకే దంటులో రెండూ దొరికినప్పుడు కూడా
నడుమ ఒక కణుపు గోడ,
ఇటు నమలడం, అటు నమలడం, అంతే.
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ
దీనికి కొమ్ములెక్కడివి?
ఉన్నదల్లా తొందర.
ఎండాకాలమంతా ఎండు దుబ్బుల్లో రెండూ నిద్రపోతాయి.
ఏప్రిల్ మొదటి జల్లుకి
కొత్తది లేచి, రెక్కలు కట్టుకుని
మోకాలెత్తు మొక్కల ఆకుల మీద గుడ్లు పెట్టేస్తుంది.
పాతది ఇంకో వాన చూద్దాంలే అనుకుంటుంది.
అది లేచేసరికి
అన్ని గదులకూ లోపలి గొళ్ళెం.

చేను గలావిడ మ్బోజే అవ్వకి ఈ లెక్కలు పట్టవు.
"నన్ను కొరికింది ఊళ్ళోదా పైదా అని
గింజ అడుగుతుందా, కరీసా?"
మొవ్వు చచ్చిన మొక్కని వేళ్ళతో సహా పీకి
మేక ముందు పడేస్తుంది.
ఒకసారి నా పుస్తకంలోకి తొంగిచూసి
"మూడో గడి గీసి నా పేరు రాయి," అంది.
"నేనూ ఈ మొక్క తిని బతికేదాన్నే.
అందరికన్నా చివర లేచేది నేనే."
నవ్వుతోందనుకున్నాను.
నవ్వడం లేదు.

పోయిన నెల, కోతయ్యాక,
మేకకోసం గట్టుమీద గినీగడ్డి కోస్తూ
మనిషెత్తు కాడ ఒకటి నా మీదకి విసిరింది.
"ఇందులోనూ ఉంది చూడు నీ చుట్టం."
ఆ గడ్డిలో కొత్తది బతకదు.
మూడుసార్లు పెంచబోయాను,
మూడుసార్లూ రెండో వారానికే వాడిపోయింది.
మొక్కజొన్న రుచి మరిగిన నోటికి
ఈ పీచు, ఈ చేదు ఎక్కలేదేమో.
మరి ఇది?

సీసాలో వేసి, కొత్త కాడలు మారుస్తూ
ఇరవై రెండు రోజులు కాపలా కాశాను.
ఇవాళ తెల్లారి, దూది తీయబోతే,
వేలికి బంగారు పొడి.

చేలో ఓడిపోయిందని కొట్టేసిన పేరు
గట్టుమీద, మేక నోటికి జానెడు దూరంలో,
ఎవరి గళ్ళలోకీ రాకుండా కాపురముంటోంది.
చేలోకి మళ్ళీ వస్తుందా?
ఆ మాట నా పుస్తకానికి తెలీదు.

వచ్చే వారం ఆ గట్టు కాల్చి
కర్రపెండలం వేస్తానంది మ్బోజే అవ్వ.
ఆమె ఆకలి ఆమెది.
నేనింకా ఏమీ చెప్పలేదు.