ఉప్పు మడుల దగ్గర మంగళవారం

జడ్జిగారు కళ్లద్దాలు తీసి అడిగింది:
"తెల్మూ, నీ గురించి నువ్వే
తేల్చుకోవాలనుకునేవి ఏమైనా ఉన్నాయా?"
నా కొడుకు గోడ గడియారం వైపు చూశాడు.
అది రెండు నిమిషాలు వెనకుందన్నాడు.
తర్వాత, చాలాసేపటి తర్వాత,
ఇక లేచిపొమ్మంటారేమో అని నేను సంచీ సర్దుకున్నాక,
"మంగళవారం, గురువారం
బస్సులో నేనొక్కణ్నే వెళ్తాను" అన్నాడు.
గుమాస్తా ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకుంది.

ఇరవై ఒక్కేళ్లు వాడికి.
ఇన్నేళ్లుగా కొన్న ప్రతి చొక్కాకీ
మెడ దగ్గర చీటీ కత్తిరించాను.
ఆ చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.
ఎందుకు దాచానో నన్నడక్కండి.
కొందరు పాలపళ్లు దాచుకుంటారు.

ఆరేళ్ల దాకా మాట లేదు.
మా అత్త గుళ్లో కొవ్వొత్తులు వెలిగించింది.
నేను వాడి పక్కనే నేల మీద పడుకుని
వాడు చూసేదే చూశాను:
ఫ్యాను, ఫ్యాను నీడ, మళ్లీ ఫ్యాను.
ఒకరోజు ఆవెయిరు కాలువ గట్టు మీద
పడవలు మెల్లగా బురదలోకి కూర్చుంటుంటే
స్పష్టంగా, రేడియోలో వార్తలు చదివే గొంతుతో,
"ఆటు" అన్నాడు.
అమ్మ అనలేదు. ఆటు అన్నాడు.
ఆరు గంటలు అక్కడే కూర్చున్నాం
పోటు అంటాడేమోనని.
అన్నాడు.

దువ్వెన తగిలితే చాలు,
చెయ్యి కాలినవాడిలా అరిచేవాడు.
కింది వాటా ఆవిడ రెండుసార్లు పోలీసుల్ని పిలిచింది.
మూడోసారి గిన్నెలో క్యాబేజీ సూపు తెచ్చింది.

పదిహేడో ఏట మీసం వచ్చింది, ఎవర్నీ అడక్కుండా.
వాళ్ల నాన్న అప్పటికే పోర్తులో
వేరే అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.
కనక నేనే నా చెంపలకి నురగ రాసుకున్నాను.
పదకొండు నెలలు, రోజూ పొద్దున్నే,
అద్దంలో ఇద్దరు తెల్లగడ్డాల ముసలాళ్లం:
పైనుంచి కిందికి ఒక గీత,
కడుగు, పక్కనే ఇంకో గీత.
వాడు నవ్వింది ఒక్కసారే,
నేను గడ్డం తెగ్గోసుకున్నప్పుడు.

బడి అయిపోయింది.
అయిపోయాక ఏముంటుందో చెప్పే కాగితం
ఏ ఆఫీసులోనూ దొరకలేదు.
ఈ కిటికీ ఆ కిటికీని చూపించింది,
అది భోజనానికి మూసుకుంది.
ఉప్పు మడుల జసింటుకి ఆఫీసూ లేదు కిటికీ లేదు.
"గీతలు తిన్నగా గీయగలడా?" అన్నాడు, అంతే.
తిన్నగానా!
మా వంటింట్లో చెంచాలు చూసి మాట్లాడాలి ఆయన.

మొదటి మంగళవారం, తలకి రుమాలు కట్టుకుని
బస్సులో చివరి సీట్లో దాక్కున్నాను.
దిగేటప్పుడు వెనక్కి తిరక్కుండానే అన్నాడు:
"అమ్మా, నువ్వు గురువారం రాకూడదు."

సిగరెట్లు మానేశాను.
డాక్టరు చెప్పాడని కాదు, కూడికలు చేసి.
వాడికి అరవై వచ్చేసరికి నాకు తొంభై ఒకటి.
రావాలి.
రాకపోతే ఏంటన్న లెక్క
ఇంకో రోజు వేస్తాను, ఇవాళ బట్టలు ఆరేయాలి.

అక్టోబరు వానకి మడులన్నీ మునిగాయి.
ఉప్పు కాలం అయిపోయిందని
క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసి చూపించాను.
చదివాడు. తలూపాడు.
మంగళవారం ఏడూ ఇరవైకి బూట్లు తొడుక్కున్నాడు.
తలుపు దాకా వెళ్లి
నా చేతుల్ని నేనే పట్టుకు నిలబడ్డాను.

పదింటికి జసింటు ఫోను.
"వచ్చాడు."
"ఉప్పు లేదుగా?"
"లేదు."
కాసేపు గాలి చప్పుడు.
"నీళ్లని దువ్వుతున్నాడు ఇల్డా.
తిన్నగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి.
పాకలో ఇంకో దంతె ఉండాలి,
వెతుక్కుంటా, ఉంటాను."