ఉన్ని పడని పిల్ల

మా ఫారో దీవుల్లో మనుషుల కంటే గొర్రెలెక్కువ.
మా ఇంట్లో మాటల కంటే అల్లిక ఎక్కువ.

సున్వా కడుపులో ఉండగానే మొదలెట్టాను స్వెటరు.
బూడిదరంగు మీద తెల్ల చుక్కలు,
రెండు ముడులు వదిలి మూడోది ఎత్తడం,
మా అమ్మ వేళ్లనుంచి నా వేళ్లకొచ్చిన లెక్క.

ఏడాది నిండిన రోజు తొడిగాను.
సాయంత్రానికి మెడ చుట్టూ ఎర్రటి కంటె,
మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక
గరుకు కాగితంతో రుద్దినట్టు.
నేనేసిన ఒక్కో ముడీ ముల్లైంది.

పిల్ల ఏడవలేదు. గోక్కుంది.
ఏడిస్తే ఎత్తుకుని తిప్పేదాన్ని.
గోక్కునే పిల్లని ఎలా ఊరుకోబెట్టాలో
ముగ్గుర్ని పెంచిన నాకు తెలియలేదు.

కోడలు హెర్వర్ ఒక్క మాట అనలేదు.
స్వెటరు విప్పి, నాలుగు మడతలు పెట్టి,
నా ఒళ్లో ఉంచి వెళ్లింది.
అరిచినా బాగుండేది.

నేనూరుకున్నానా?
మురికి పోతే దురద పోతుందనుకుని
వేడినీళ్లు, సబ్బు, పీచు.
పిల్ల పొలుసులు రాలింది, తోమిన చేపలా.
పక్కింటి మార్గ్రెటా చెప్పిందని
గొర్రె జిడ్డు కూడా రాశాను,
అది ఉన్నిలోంచి తీసేదేనని
తట్టలేదు నాకు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
ఇది గోటితోనే పెరిగేది.

టోర్స్‌హావ్న్ ఆసుపత్రిలో నర్సు
గోడ బొమ్మ గీసింది.
"రాళ్లున్నాయి, మధ్యలో మట్టి చాల్లేదు.
లోపలి తడి బయటికి పోతోంది,
బయటి గాలి లోపల గిల్లుతోంది."
ఎవరి తప్పని అడిగాను.
ఎవరిదీ కాదంది. అంటుకునేదీ కాదంది.
పూర్తిగా పోతుందా అంటే మాత్రం
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

స్టెరాయిడ్ అనగానే
నా కొడుకు ముఖంలో ట్రాలర్ తిరగబడింది.
తుఫాను సముద్రానికి నవ్వే మనిషి వాడు!
నర్సు తన చూపుడువేలు చాపింది.
కొస నుంచి మొదటి గీత దాకా క్రీము,
పెద్దవాళ్ల అరచేతులు రెండింటంత చోటుకి.
ఎర్రబడ్డ చోటే, చెప్పినన్ని రోజులే.
భయంతో తగ్గించి రాస్తే
నెలంతా రాస్తూనే ఉంటారంది.

అక్కడ నాకు వెలిగింది.
కొలతంటే నాకు తెలుసు.
ఒక ముడి తక్కువైతే చెయ్యి పట్టదు,
ఎక్కువైతే భుజం జారుతుంది.

అప్పట్నుంచి స్నానం గోరువెచ్చగా, కాసేపే.
తువ్వాలుతో ఒత్తడం, తుడవడం కాదు.
తడి ఆరకముందే ఒళ్లంతా వెన్నలా లేపనం,
చెవుల వెనక కూడా.
దురద లేని రోజు కూడా.
(ఆ రోజే మానేస్తాం, ఆ రాత్రే తిరిగొస్తుంది.)
చొక్కా తిరగేసి తొడుగుతాం:
కుట్లు లోకానికి, నునుపు పిల్లకి.
గోళ్లు ఆదివారం ఆదివారం నా పని.

నూలుతో అల్లడం నేర్చుకున్నాను అరవై నాలుగేళ్లకి.
మొండి పోగు, సాగదు, ఉన్నిలా మాట వినదు.
మొదటి చేతితొడుగులు రెండూ ఎడమవే వచ్చాయి.
పిల్ల అవే తొడుక్కుని
పీతలా నడిచి చూపించింది.

ఆ స్వెటరు ఏం చేశానంటారా?
విప్పేశాను. ఉండ చుట్టాను.
పిల్లి దాంతో ఆడుకుంటోంది,
దానికేం పర్లేదు.

ఈ జనవరిలో మళ్లీ వచ్చింది.
హీటరు వేడి, పొడిగాలి, జలుబు,
ఏదో ఒకటి, లేదా ఏదీ కాదు.
తడి నూలు పట్టీ, మీద పొడి పట్టీ,
మధ్యలో ఆరేళ్ల పిల్ల.
"మామ్మా, లోపల చీమలు."
గోక్కోకు అని అనను ఇప్పుడు.
ఆ మాటతో ఏ దురదా తగ్గలేదు.
అరచేయి చాపమంటాను.
వేలితో మెల్లగా తడతాను:
రెండు వదిలి, మూడోది.
రెండు వదిలి, మూడోది.

మొన్న రాత్రి నూట పన్నెండు దగ్గర నిద్రపోయింది.
నిన్న మూడొందలు దాటినా పోలేదు.
ఇవాళ
నేనే ముందు నిద్రపోయానట.
తను లెక్క ఆపలేదట.