పొట్టు

పొద్దున సులోచన కంటే ముందు నేనే లేస్తా.
చీపురు నా డ్యూటీ.
దుప్పటి దులిపితే
కిటికీ వెలుతుర్ల తేలే తెల్లటి పొట్టు,
రాత్రంతా నేను నేసిన బట్ట.

మా నాయిన మగ్గం మీద నెలకు నేసేది
నా తోలు నాలుగు రోజులకే నేస్తదట.
ఉస్మానియాల చీటీ రాసిన పిల్ల డాక్టర్ చెప్పింది,
"తొందరెక్కువ, అంతే. అంటుకునేది కాదు."
ఓటీ లేదు, ఆదివారం లేదు,
కొనేటోడూ లేడు.

ఆ చివరి ముక్క ఆమె చీటీల రాయలేదు.
రాసిస్తే నుదుటికి అతికించుకుందును.
దిల్‌సుఖ్‌నగర్ల బస్సెక్కితే
ఇద్దరు కూసునే సీటు నా ఒక్కనిదే.
ఈ రోగంల లాభం ఏదన్న ఉంటే గదొక్కటే,
ఒక టికెట్టుకు రెండు సీట్లు.

పదహారేండ్లు అబిడ్స్‌ల కౌంటర్ మీద నిలవడ్డ.
చీర భుజమ్మీదేసుకొని కుచ్చిళ్లు పట్టి
"పల్లు చూడుండ్రమ్మా" అంటే
పెండ్లి చీరలు పెండ్లిపెండ్లే అమ్ముడుపోయినయి.
కండ్లు మూసుకొని తాకి చెప్తుంటి,
ఇది గద్వాల, ఇది నారాయణపేట,
ఇది పవర్‌లూమ్ అబద్ధం అని.

ఓనాడు ఒకామె నల్ల పట్టుచీర విప్పి
"ఇదేంది, ఉప్పు చల్లిండ్రా?" అన్నది.
సేటు నన్నొక్క మాట అనలే.
మరునాడు గోదాంల కుర్చీ ఏయించిండు.
కమీషన్ పోయింది. పదకొండు వేలు మిగిలింది.

ఇప్పుడు అట్టపెట్టెలకు నంబర్లేస్తున్న.
అరచేతులు పగిలినంక
పట్టు తాకితే పోగు లేస్తది.
హాజరు మిషన్ల బొటనవేలు పెడితే
మళ్లీ పెట్టుమంటది, మళ్లీ పెట్టుమంటది.
మూడోసారికి
లింబాద్రి అంటే నేనేనా అని నాకే అనుమానమొస్తది.
రేషన్ షాపుల గూడ గంతే.
మా అంజన వేలు పెడితేనే బియ్యం వచ్చినయి.

వేపాకు అన్నరు, వంకాయ మానెయ్యమన్నరు,
పాముల పాపమన్నరు.
మంగలాయన మాత్రం ఏమనలే,
నన్ను చూసి దువ్వెన జేబుల పెట్టుకున్నడు.

అమీర్‌పేటల సూది ఉన్నదట,
నాలుగు నెలల్ల ఒళ్లు అద్దమైతదట.
ఒక్క సూది ధర ఇని సులోచన నవ్వింది.
ఏడ్పొస్తే ఆమె అట్లనే నవ్వుతది.
అది మా సరూర్‌నగర్ కిరాయి, మూడు నెలలది.

అందుకే ట్యూబు. ముప్పై గ్రాములు.
శనగగింజంత పిండుకొని
రోజూ ఒక్కటే పంచాయితీ:
ఇయ్యాల మోచేతులకా, మోకాళ్లకా?
వీపు అడగనే అడగదు.
చివరికి కత్తెరతోని ట్యూబు కడుపు చీరి
అగ్గిపుల్లతో గీకిస్తది అంజన.

పొద్దుగాల వేళ్ల కణుపులు బిగుసుకపోతున్నయి.
దానికింకా చీటీ రాయించలే.
లైన్ల నిలవడితే ఒక రోజు జీతం కట్.

"ట్యూబులు ఏడికెళ్లి తెస్తున్నవే?" అంటే
"మా తమ్ముని దోస్తు మెడికల్ షాపుల లేడా?
శాంపిళ్లొస్తయి" అంటది.
మూడేండ్ల సంది శాంపిళ్లొస్తున్నయి.

నిన్న కరెంటు బిల్లు ఎతుకుతుంటే
ఆమె లెక్కల పుస్తకం దొరికింది.
పాలు, కిరాయి, గ్యాసు, అంజన బస్‌పాసు.
ఆ కింద
చీర 640
చీర 640
చలికాలం నెలల్ల రెండేసి చీరలు.
కూడితే నలభై ఒకటి.

చీరల సంగతి నాకు చెప్పాల్నా?
ఆమె బీరువాల ఎన్నున్నయో,
ఏ అంచు ఎక్కడ చిరిగితే ఎట్ల మడత ఏసి కడ్తదో
నాకు తెల్వదా?
నలభై ఒక్క చీర ఒంటికి పూసుకొని
గోదాంల కూసున్న మనిషిని నేను.

చూసినట్టు చెప్పలే.
పుస్తకం ఉన్న కాడ్నే, పప్పు డబ్బా ఎనక పెట్టిన.
పెట్టి, మళ్లీ తీసిన.
అట్ట మీద, పేజీల నడుమ
నా పొట్టు రాలి ఉన్నది.

ఉఫ్‌మని ఊదిన.