వెయ్యో పలక

బెల్లం మండీ గేటు పక్కన
కాటా గది గోడకి తగిలించిన నల్లబోర్డు
మొదట్లో ధరలకి.
ఉండబెల్లం ఇంత, అచ్చుబెల్లం ఇంత.
నల్లబెల్లం ధర మాత్రం రాయొద్దనేవాడు ఓనరు.
ధరలు ఫోన్లలోకి పోయినాక
ఖాళీ బోర్డు చూడలేక
ఒకరోజు నాలుగు లైన్లు రాసినా,
ఎండ గురించి.
చిత్తూర్లో ఎవరికి తెలీదు ఎండ?
అయినా ముగ్గురు నిలబడి చదివినారు.
ఒకాయన "సరిగ్గా చెప్పినావు మే" అని
వక్కాకు ఉమ్మేసి పోయినాడు.

అట్లా మొదలు.
బస్తాల లెక్క మాదిరే
బోర్డు మూలన నిలువుగీతలు నాలుగు, అడ్డంగా ఒకటి.
నిన్నటికి అవి రెండొందల కట్టలు.

మండీ సంఘం వాళ్ళు శాలువా అన్నారు.
మామిడికాయల కాలంలో శాలువా ఏం చేసుకునేది సామీ?
బోర్డుకి రూపాయి లెక్కన వెయ్యి తీసి
సుద్దముక్కల డబ్బాలో పెట్టి, రాసినా:
"ఇది ఎవరికిద్దామో మీరు చెప్పండి.
సుద్దముక్క దారానికి కట్టి ఉంది."

మనసులో నాకొకటి ఉండె.
గిరింపేట బడిలో బీరువా లేదు.
పుస్తకాలు బియ్యం సంచుల్లో ఉన్నాయి,
ఎలుకలు చదువుతా ఉన్నాయి.
చదివేవాళ్ళు చదువుకే కదా ఇస్తారని నా ధీమా.

మధ్యాన్నానికి బోర్డు నిండింది.
గోశాల అన్నారు. కాణిపాకంలో అన్నదానం అన్నారు.
"నువ్వే ఒక జత చెప్పుళు కొనుక్కో."
ఇది ఆటో దామోదరం,
ఆయప్పకి లకారాలన్నీ ళకారాలే.
బీరువా అని ఒక్కరూ రాయలా.
నేనే ఎడంచేత్తో రాద్దామా అనుకుంటి,
అబద్ధమెందుకు.

గంగులప్పకి అక్షరం రాదు.
రోజూ ఎవరో ఒకరు చదివి వినిపిస్తే
తలపాగా విప్పి వింటాడు,
మళ్ళీ చుట్టుకుని మూటల కిందికి పోతాడు.
ఆ రోజు సుద్దముక్క అందుకుని
అడుగున మిగిలిన జాగాలో
ఒక బండి బొమ్మ గీసినాడు.
బండి మీద పడుకున్న మనిషి.
మనిషికి మొగం లేదు.

అందరికీ అర్థమైంది.
పెద్దాసుపత్రి వెనక జిలానీ బండి.
ఎవరూ రాని శవాలని నీవా ఒడ్డుకి తీసుకుపోయే బండి.
పోయిన చలికాలం మా గేటు ముందరే
గోనెపట్ట కప్పుకుని పడుకున్నాయన లేవలేదు.
గోనె మీద మా మండీ ముద్రే.
మూడు రోజులు చూసినారు. ఆనాక జిలానీ వచ్చినాడు.

పొద్దుగూకేసరికి ఆ బొమ్మ పక్కన
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
గోశాల అన్నాయన గూడా
తన రాత తుడిపేసి వచ్చి ఇక్కడ గీసినాడు.
చదివేవాళ్ళంతా కలిసి
ఇంకేదీ చదవలేనోళ్ళకి ఇచ్చేసినారు.

నేను పెట్టింది వెయ్యి.
డబ్బా తెరిస్తే పదహారు వందల నలభై,
ఒక బెల్లం ముక్క, చీమలు.

జిలానీ లెక్కపెట్టలా. "గుడ్డకి అవతాది మా" అన్నాడు.
రసీదుకి పేరడిగితే "బోర్డు చదివేవాళ్ళు" అంటి.
ఆయన దగ్గర బీరువా ఉంది!
ఒక తలుపు ఊడిపోయింది, లోపలంతా నోటుపుస్తకాలు.
పేజీకి ఒక మనిషి. పేరుండాల్సిన చోట నంబరు.
"నీలం గళ్ళ లుంగీ. ముందరి పన్ను విరిగింది."
"ముసలామె. కొంగుముడిలో పదకొండు రూపాయలు, ఒక తమలపాకు."
"ఎడంచేతి మీద అరవంలో పచ్చబొట్టు."
కింద ఆ పచ్చబొట్టుని చూసి గీసుకున్నాడు, వంకరగా.
నాకంటే బాగా రాస్తాడు,
ఒక్క మాట ఎక్కువ లేదు.

వెయ్యిన్నొకటో రోజు
నాదేమీ రాయలా.
ఆ పచ్చబొట్టు పేజీ ఉన్నదున్నట్టు దించినా.
"ఎవరైనా ఎరిగుంటే చెప్పండి."

గంగులప్ప వచ్చినాడు. తలపాగా విప్పినాడు.
దామోదరం చదువుతా చదువుతా
అరవ అక్షరాల కాడ ఆగిపోయినాడు.
వేలూరు లారీ క్లీనరు పిల్లోడు
టైరు మీద నుంచి తొంగి చూసి
"సెల్వి" అన్నాడు.

మూటల లైను నిలబడిపోయింది.
"ఇంకోసారి చదువు నాయనా" అన్నాడు గంగులప్ప.
"మెల్లగా."