వేలు పడలా

విచిటాలో, డోనట్ల కొట్టుకీ
కాసులేసి బట్టలుతుక్కునే కొట్టుకీ మధ్య
ఒక గాజు తలుపు.
ప్రభుత్వం ఇంత ఇరుకు గదిలో కాపురముంటుందని
నేననుకోలేదు.
లోపలంతా కాగిన చక్కెర వాసన,
గోడ అవతల ఎవరివో దుప్పట్లు
గుండ్రంగా పొర్లుతున్న చప్పుడు.

డ్వేన్ అని బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దాయన
నా బొటనవేలు తన రెండు వేళ్లతో పట్టుకుని
గాజు మీద దొర్లించాడు,
పలక మీద మొదటి అక్షరం దిద్దించినట్టు.
మిషను ఎర్రగా మూలిగింది.
మళ్లీ. చూపుడువేలు. మళ్లీ. ఉంగరపువేలు.
తడిగుడ్డ, పొడిగుడ్డ, సీసాలో ఏదో జిడ్డు.
ఏం పని చేస్తారన్నాడు.
డయాలసిస్ నర్సునన్నాను.
ఓ, అని తలూపాడు.
నర్సులు, ఇటుకలు పేర్చేవాళ్లు,
హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు,
మీ అందరితోనూ ఇదే తంటా అన్నాడు.

పదకొండేళ్లు.
పేషెంటుని ముట్టే ముందు, ముట్టాక,
గ్లౌజు తొడిగే ముందు, విప్పాక,
రోజుకి ఎనభైసార్లు.
ఈ లెక్క నేను కట్టింది కాదు,
సింకు పైన కాగితం అంటించినవాళ్లు కట్టింది.
ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్లరిగాయంటారు మావైపు.
నాకు వేళ్లరిగాయి.
ఎవరి దగ్గరా చేతులు దులుపుకోలేదు,
కడుక్కున్నానంతే.

నా తేదీ,
పుట్టినరోజు కాదు, వరసలో నిలబడ్డ రోజు,
నెలనెలా ఒక పట్టికలో నావైపు నడిచొచ్చేది.
ఒక ఏడాది ఏమనుకుందో
గిరుక్కున తిరిగి వెనక్కి నడిచింది.
తేదీలకి వెనక్కి నడవడం వచ్చని
నాకెవరూ చెప్పలేదు.
ఎట్టకేలకి గుమ్మం దాకా వచ్చింది.
వచ్చి, ఏదీ, వేలు చూపించమంది.

నాలుగేళ్ల కిందట
సత్తెనపల్లిలో మా రూతు పిన్నికి
రేషను డీలరు మిషన్లో వేలు పడలా.
ముప్పయ్యేళ్ల మిరప కోతలు,
ఉన్న గీతలన్నీ కారం నాకేసింది.
రెండు నెలలు బియ్యం లేవు.
నేనిక్కణ్ణుంచి ఫోన్లో నవ్వుతూ
వ్యాజిలిన్ రాసుకుపో పిన్నీ, అన్నాను.
ఆ మాటే ఇవాళ డ్వేన్ నాకు ఇంగ్లీషులో చెప్పాడు,
నవ్వకుండా.

రాత్రిళ్లు జిడ్డు పూసుకుని
చేతులు ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకుని పడుకున్నాను.
జాషువా నాకు అన్నం కలిపి పెట్టాడు,
ఒకరోజు ఉప్పెక్కువైంది, ఏమీ అనలేదు.
సెలవు పెట్టాను. సబ్బు ముట్టలేదు.
రెండోసారీ పడలా.

రెండుసార్లు పడకపోతే
ఐదేళ్లుగా ఉన్న ప్రతి ఊరి పోలీసులూ
రాసివ్వాలట.
సలైనాలో, చూయింగ్ గమ్ నములుతున్న ఒకమ్మాయి
కీబోర్డు టకటకలాడించి కాగితం చేతికిచ్చింది:
ఈ పేరు మీద మా దగ్గర ఏమీ లేదు.

మూడేళ్లున్నానా ఊళ్లో.
హెరాల్డ్ గారి చేతినరం చిట్లిన రాత్రి
ముప్పావుగంట నా వేళ్లు అక్కణ్ణుంచి కదల్లేదు.
ఆయన కూతురి పేరు, కుక్క పేరు,
కుక్క పోయిన సంవత్సరం
అన్నీ చెప్పాడు, నిద్రపోకుండా ఉండడానికి.
ఏమీ లేదు. రుసుము పది డాలర్లు.
మంచిదాన్ననడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం
ఇంకోటి లేదట.
మడత పడకుండా ఫైల్లో పెట్టాను.

రాత్రి పిన్ని చేసింది.
పడిందా?
పడలా.
నాకీ నెల పడిందే. అంటే వేలు కాదు, కన్ను.
గొట్టంలాంటిదేదో కంటికి దగ్గరగా పెట్టి
రెప్ప కొట్టకుండా చూడమన్నాడు డీలరు.
చూశా. పది కిలోలు కొలిచాడు.

కాసేపు ఊరుకుంది.
ఆవిడ వెనక ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది.
అయితే దీవెనా,
అక్కడెవరూ నీ కళ్లు చూళ్లేదా?